కలల జట్టులో రైట్ ఫీల్డ్: రూతా, ఆరనా?

బేస్‌బాల్ సార్వకాలిక జట్టును ఎంచుకునేటప్పుడు అసలు చిక్కు రైట్ ఫీల్డ్ (బ్యాటర్‌కు కుడివైపు దూరంగా ఉండే ఫీల్డింగ్ స్థానం) దగ్గరే. 1920లో బేబ్ రూత్ ఒక్కడే 54 హోమ్ రన్లు (సాధారణంగా క్రికెట్ సిక్సర్‌లా బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో (రెండు అగ్రశ్రేణి ‘మేజర్’ లీగుల్లో ఒకటి) మిగతా ఏ జట్టూ మొత్తం కలిపినా అన్ని కొట్టలేదు! పైగా పిచర్‌గా (బ్యాటర్‌కు బంతి విసిరేవాడిగా) 94 విజయాలు. అయితే అతని కాలంలో మేజర్ లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లకు చోటు లేదు. ఆ గోడ 1947లోగానీ కూలలేదు.

హాంక్ ఆరన్ ఏ సీజన్‌లోనూ 50 హోమ్ రన్లు అందుకోలేదు, కానీ మొత్తం 755 కొట్టాడు. అవన్నీ తీసేసినా అతనికి ఇంకా 3,016 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సందర్భాలు) మిగులుతాయి. జాతిద్వేషంతో చంపుతామని వచ్చిన ఉత్తరాల నడుమ, 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో 715వ హోమ్ రన్‌తో రూత్ రికార్డును దాటాడు. నా ఓటు ఆరన్‌కే. రూత్‌ను వదులుకోను, పిచర్‌గా తీసుకుంటాను.