తాతయ్య బల్ల: రంగు గీకించాలా, ఉంచాలా?

పరకాల దగ్గరి ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు హనుమకొండలోని మా ఇంటికి ఒక బల్ల చేరింది. తాతయ్య దాని మీదే పద్దులు రాసేవారు. ఒళ్లంతా ఆకుపచ్చ ఎనామిల్, అది పెచ్చులూడిన చోట నీలం. సొరుగు ముఖాన్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. దాని మీద మాసిన పసుపు తీగలు, పువ్వులు. బాబాయి రంగంతా గీకించి పాలిష్ పెట్టిద్దామన్నాడు. లోపల టేకు ఉంది, మెరుస్తుందని ఆయన నమ్మకం. మేనత్త ఒప్పుకోలేదు. "ఆ పువ్వులు పోయాక అది మా నాన్న బల్ల ఎలా అవుతుంది?" అంది. ఇంటికొచ్చిన వడ్రంగి మూడో దారి చూపాడు: పైన కొత్త రంగు కొట్టేస్తే రెండు రోజుల పని.

ఏది మేలో తేల్చేముందు అసలు అది ఏ చెక్కో తెలియాలి. అందుకు బల్లను బోర్లించడమే మంచి మార్గం, అడుగున రంగు వేసేవాళ్లు తక్కువ. టేకు చేవ తేనెరంగులో ఉంటుంది, వేలితో రుద్దితే కొంచెం నూనె జిడ్డు తగులుతుంది, కాస్త చెక్కితే తోలు వాసన వస్తుంది. నల్లమద్ది అంతకంటే బరువు, రంగూ ముదురు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి తెల్లగా, తేలికగా ఉంటుంది. దానితో బల్ల కాళ్లు చేయరు. మా బల్లకు కాళ్లు, పైపలక టేకువే. ఒక చెక్క కొసను సన్నగా చెక్కిన కుసి, అది దూరే బెజ్జం, ఇవే అతుకులు, మధ్యలో సరేసు (పశువుల తోలు, ఎముకలు ఉడికించి చేసే జిగురు). సొరుగు అడుగు పలక మాత్రం ఏదో మెత్తని చెక్క, దాన్ని పురుగు తొలిచింది. కింద నల్ల కాగితం పరిచి వారం చూశాం. పిండిలాంటి పొడి కొత్తగా రాలుతోందంటే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు.

తర్వాత రంగు పరీక్ష. మూలన, కంటికి ఆనని చోట తడి దూదితో అద్దాలి. చేర్యాల నకాషీ పటాల్లోలా జిగురు కలిపిన రంగైతే నీటికే కరుగుతుంది. లక్క పాలిష్ స్పిరిట్‌కు మెత్తబడుతుంది. నూనె రంగు ఈ రెండింటికీ అంత తొందరగా లొంగదు. మా ఆకుపచ్చా నీలమూ చలించలేదు. పువ్వు అంచున పెట్టిన దూది మాత్రం పసుపెక్కింది. నేను వెంటనే చెయ్యి తీసేశాను. రంగు తీసే ద్రావకం ఆ పలకకు తగిలి ఉంటే, చెక్క కనబడేలోపే పువ్వులు పోయేవి.

ఇక తూకం. కొత్త రంగు మాట తొందరగా తీసేయవచ్చు: పెచ్చులూడే పొర మీద వేసింది దాంతోపాటే ఊడుతుంది. గీకించడానికి మాత్రం బలమైన కారణమే ఉంది. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండవచ్చు. రాలే పెచ్చులు పిల్లల చేతుల నుంచి నోటికి చేరతాయి. అయితే గరుకు కాగితంతో పొడిగా రుద్దినా, మంటతో కాల్చినా ఆ సీసం దుమ్మో పొగో అయి ఇంకా సులువుగా లోపలికి పోతుంది. తీయాలంటే ద్రావకంతోనే, ఆరుబయట, చేతి తొడుగులతో. పైగా ఒకసారి గీకాక వెనక్కి రాదు.

ఉన్న రంగును కాపాడే పనిలో ఓపిక ఎక్కువ, మెరుపు తక్కువ. మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. నూనె రంగు మీది మురికికి లాలాజలం తడిపిన దూది బాగా పనిచేస్తుంది. మ్యూజియాల్లో పాత చిత్రాలను బాగుచేసేవాళ్లూ ఇలా చేస్తారు. వదులైన అతుకులకు మళ్లీ సరేసే మేలని నా అభిప్రాయం. తడి, వేడి తగిలితే అది వదులుతుంది కనుక రేపు ఎవరైనా విప్పి బాగుచేసుకోవచ్చు. నేటి తెల్ల జిగురు పట్టిందంటే విప్పేటప్పుడు కుసి విరిగే ప్రమాదం ఉంది.

నెల రోజులు మేం బల్ల మొత్తానికి ఒకే జవాబు వెతికాం. చివరికి ఏ భాగానికి ఆ భాగమే తేల్చుకున్నాం. పైపలక మీద పిల్లలు రాసుకుంటారు, తింటారు. అక్కడి ఎనామిల్ మొత్తం ద్రావకంతో తీయించాం. కాళ్ల మీది నీలం గట్టిగానే ఉంది కాబట్టి శుభ్రం చేసి వార్నిష్ వేశాం. సొరుగు అడుగు పలక మార్చాం. పువ్వుల పలకకు నీళ్లు, నూనె, వార్నిష్ ఏదీ తగలనివ్వలేదు, పొడి కుంచె ఒక్కటే.

పైపలకకు అవిసె నూనె పూత ఇంకా మిగిలే ఉంది. ముసురులో అది సరిగా ఆరదు, వానలు తగ్గాలి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దని వడ్రంగికి ముందే చెప్పాను, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరేస్తానన్నాడు.