నల్ల కారు, సెల్లార్ పార్కింగ్, ఒక్క బకెట్ నీళ్ళు: ఏడాదిన్నర వాడాక ఆప్టిమమ్ నో రిన్స్ రివ్యూ

మాది హైదరాబాద్‌లో నిజాంపేట్ వైపు అపార్ట్‌మెంట్, కారు సెల్లార్‌లో పెడతాం. ఎండాకాలం వచ్చిందంటే బోర్ ఎండిపోయి ట్యాంకర్ల మీదే నడుస్తుంది, అందుకని పైపు పెట్టి కార్లు కడగొద్దని అసోసియేషన్ వాళ్ళు లిఫ్ట్ పక్కనే నోటీస్ అంటించారు. నీళ్ళున్న రోజుల్లో కడిగినా సుఖం లేదు, మా బోర్ నీళ్ళు ఎంత ఉప్పంటే తుడిచేలోపే ఆరిపోయి పెయింట్ మీద తెల్ల చుక్కలు పడతాయి, నల్ల క్రెటా కదా, పది అడుగుల దూరం నుంచే కనిపిస్తాయి. అంతకుముందు పొద్దున్నే వచ్చి తుడిచే అబ్బాయి ఉండేవాడు, తన తప్పు అననుగానీ పది కార్లకి ఒకటే బకెట్ ఒకటే గుడ్డ, ఆ గుడ్డలో పక్క కారు ఇసుక మన కారు మీద రుద్దినట్టే. ఆర్నెల్లకి బోనెట్ మీద లైట్ పడితే సాలెగూడు లాగా గుండ్రంగా గీతలు తేలాయి, నాకైతే ప్రాణం ఉసూరుమంది.

ఈ ఆప్టిమమ్ నో రిన్స్, అంటే చివర్లో నీళ్ళు పోసి కడగక్కర్లేని కార్ వాష్ లిక్విడ్, దీని సంగతి చెప్పింది బెంగుళూరులో ఉండే మా బావగారు. 2024 మార్చిలో అక్కడ నీళ్ళ కరువొచ్చి, తాగే నీళ్ళతో కార్లు కడిగితే 5000 ఫైన్ అని వాటర్ బోర్డు ఆర్డర్ వేసింది కదా, అప్పట్నుంచి ఆయన ఇదే వాడుతున్నారు. చివర్లో నీళ్ళు పోసి కడగకుండా కారు ఎలా శుభ్రమవుతుంది, గీతలు ఇంకా పడవా అని నాకు గట్టి అనుమానం, ఆయన ఎదురుగా చేసి చూపించాకే కొన్నాను.

ఇది షాంపూ కాదు, నురగ దాదాపు రాదు. నీలం రంగులో ఉంటుంది, ఇందులో ఉన్న పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ పట్టుకుని పెయింట్ మీద నుంచి జారేలా చేస్తాయి, అందుకే వేలు పెట్టి చూస్తే నీళ్ళు జిగట లేకుండా నున్నగా జారుతుంటాయి. షాంపూ అయితే ఆరితే మరకలు కడుతుంది కాబట్టి కడిగెయ్యాలి, ఇది పొడి టవల్‌తో తుడిస్తే పోతుంది, పైగా కొంచెం మెరుపు కూడా వదుల్తుంది. మన కార్ల రంగు పైన ఉండే క్లియర్ కోట్, అంటే రంగుని కాపాడే పారదర్శక పొర, సుమారు 40, 50 మైక్రాన్లు ఉంటుంది, మామూలు ప్రింటర్ కాగితం మందమే 100 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే కాగితంలో సగం మందం పొరని మనం ఏళ్ళ తరబడి కాపాడుకోవాలి. దుమ్ము మీద పొడి గుడ్డ పెట్టి రుద్దేవాళ్ళని చూస్తే అందుకే ఆపాలనిపిస్తుంది.

కలపాల్సింది 1 పాలు లిక్విడ్‌కి 256 పాళ్ళు నీళ్ళు. నేను బకెట్‌లో ఏడున్నర లీటర్ల నీళ్ళు ముందు పోసి తర్వాత 30 ఎంఎల్ వేస్తాను, మందుల సీసాతో వచ్చే కొలత మూత ఉంది కదా దాంతోనే కొలుస్తా. మొదట్లో ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అనుకుని రెట్టింపు వేశాను, అద్దాల మీద పొగమంచులా పొర మిగిలి దాన్ని తుడవడానికే అరగంట పట్టింది. కొలత తప్పొద్దు.

ఇంక అసలు విషయం టవల్స్. గ్యారీ డీన్ అనే అమెరికా డిటైలర్ (కార్లని శుభ్రం చేసి మెరిపించే పనివాడు) పేరుతో ఒక పద్ధతి ఉంది, నేను అదే ఫాలో అవుతా. ఎనిమిది మంచి మైక్రోఫైబర్ టవల్స్ బకెట్‌లో ముందే నానబెట్టాలి, ఒక్కోటి తీసి నాలుగు మడతలు పెడితే ముందూ వెనకా కలిపి ఎనిమిది శుభ్రమైన వైపులు వస్తాయి, ఒక వైపుతో ఒక్కసారి, నొక్కకుండా, గుండ్రంగా తిప్పకుండా తిన్నగా ఒకే దిశలో లాగి, వైపు మార్చెయ్యాలి. మురికైన టవల్ మళ్ళీ బకెట్‌లో ముంచకూడదు, పక్కన పడెయ్యాలి. ఇదొక్కటి పాటించకపోతే ఏ లిక్విడ్ వాడినా గీతలు పడతాయి, నా మాట నమ్మండి. తుడవడానికి ముందు మొక్కలకి కొట్టే పంపు స్ప్రేయర్‌లో ఇదే నీళ్ళు పోసి ఒక్కో ప్యానెల్ (డోర్, బోనెట్ లాంటి ఒక్కో భాగం) మొత్తం బాగా తడిపి రెండు నిమిషాలు ఆగుతాను, పిట్ట రెట్ట ఉంటే దాని మీద తడి గుడ్డ వేసి ఇంకాసేపు వదిలేస్తా. తుడిచే వరస ఇదీ: రూఫ్, అద్దాలు, బోనెట్, డోర్ల పైభాగం, డిక్కీ, చివర్లో డోర్ల కింది భాగం, ఎందుకంటే ఇసుకంతా అక్కడే ఉంటుంది. ఒక ప్యానెల్ కడిగి వెంటనే పొడి టవల్‌తో ఆరబెట్టి అప్పుడు పక్కదానికి వెళ్ళాలి. చక్రాలకి వేరే పాత టవల్స్. మొత్తం నలభై ఐదు నిమిషాలు, కింద నేల కూడా పెద్దగా తడవదు కాబట్టి వాచ్‌మన్ కూడా ఏమీ అనడు.

ఎండలో మాత్రం చెయ్యొద్దు, వేడి బోనెట్ మీద నీళ్ళు క్షణాల్లో ఆరి చారలు కడతాయి, నాకు సెల్లార్ నీడ కలిసొచ్చింది.

ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. వానాకాలంలో ఊరెళ్ళి ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగొచ్చి మడ్‌గార్డ్‌ల దగ్గర బురద గడ్డలు కట్టి ఉంటే దీంతో ముట్టుకోవద్దు, ఏ పాలిమరూ అంత ఇసుకని మోయలేదు. అప్పుడు దారిలో ఏదైనా వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్‌తో బురద మాత్రం కొట్టించి, గుడ్డ పెట్టొద్దని చెప్పి, ఇంటికొచ్చి ఇది చేస్తా. తారు మచ్చలు, హైవే మీద ఎండిపోయిన పురుగులు కూడా దీంతో పూర్తిగా పోవు, వాటికి వేరే క్లీనర్ కావాలి. పాత గీతలు మాయమవుతాయని కూడా ఆశించకండి, వాటికి పాలిష్ చేయించాల్సిందే. నేను ముందు పాలిష్ చేయించి ఇది మొదలుపెట్టాను, ఏడాదిన్నరలో టార్చ్ వేసి వెతికితే సన్న గీతలు నాలుగైదు కనిపించాయి, నల్ల కారుకి అది చాలా మంచి రిజల్ట్ అంటాను.

ఇంపోర్టెడ్ కాబట్టి లోకల్ షాంపూ కంటే రేటు బాగా ఎక్కువే. నేను తీసుకున్నది 946 ఎంఎల్ బాటిల్, స్ప్రేయర్‌కి కూడా కలిపి ఒక్కో వాష్‌కి 40 ఎంఎల్ వేసుకున్నా 23 వాష్‌లు వస్తాయి. టవల్స్ ఖర్చు విడిగా ఉంటుంది, ఒకవేళ డబ్బు తగ్గించుకోవాలంటే లిక్విడ్ చిన్న బాటిల్ కొనండి గానీ టవల్స్ దగ్గర పీనాసితనం వద్దు. అంచులకి గట్టి కుట్టు ఉన్నవి, ప్లాస్టిక్ ట్యాగ్ ఉన్నవి కొనకండి, ఆ ట్యాగే గీస్తుంది. వాడాక మిగతా బట్టలతో కలపకుండా మామూలు లిక్విడ్ డిటర్జెంట్‌తో ఉతికి నీడలో ఆరేయండి, కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ వేస్తే నీళ్ళు పీల్చుకోవడం మానేస్తాయి. ఇంకోటి, కడిగేటప్పుడు చెయ్యి జారి నేల మీద పడ్డ టవల్‌ని దులిపి మళ్ళీ పెయింట్ మీద పెట్టకండి, అప్పటికప్పుడే దాన్ని చక్రాలకి వాడే టవల్స్ కుప్పలో వేసెయ్యండి.