బ్యానర్‌కి చోటిద్దామా, పాటే ఇచ్చేద్దామా?

విశాఖలో రాక్ బ్యాండ్ నడపాలంటే ఎంత ఖర్చో బయటివాళ్లకి తెలీదు. సముద్రపు గాలికి గిటార్ స్ట్రింగ్స్ నెల తిరక్కుండానే తుప్పు పడతాయి. ఎంవీపీ కాలనీలో రిహార్సల్ గదికి అద్దె, డ్రమ్స్ మోసుకెళ్లే ఆటో, సౌండ్ సిస్టమ్ అద్దె అన్నీ చేతినుంచే పెట్టుకోవాలి. టికెట్ల డబ్బుతో ఇవి తీరవు. అందుకే ఇక్కడ ఏ బ్యాండ్‌కైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: స్టేజి మీద కంపెనీ బ్యానర్ కట్టనివ్వడం మేలా, మన పాటని యాడ్‌కి ఇవ్వడం మేలా? మేం రెండూ చేసి చూశాం.

స్పాన్సర్‌షిప్‌ని ఇప్పుడెవరూ తప్పు పట్టరు. 1981లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ అమెరికా టూర్‌కి జోవన్ అనే సెంటు కంపెనీ డబ్బు పెట్టింది. ఆ తర్వాత్తర్వాత ఇది మామూలైపోయింది. బ్యానర్ కడతారు, అయ్యాక విప్పుకుపోతారు, పాట మనతోనే ఉంటుంది. కాకపోతే ఆ సాయంత్రం మాత్రం మన చేతిలో ఉండదు. ఆర్కే బీచ్ దగ్గర ఒకసారి మా ప్రోగ్రామ్‌కి ప్లాట్లు అమ్మే కంపెనీ స్పాన్సర్. తొమ్మిది పాటలు సిద్ధం చేసుకుని వెళ్లాం. సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యేసరికే రాత్రి తొమ్మిది దాటింది. మూడో పాటలో వాయిద్యాలన్నీ ఆగి గొంతు ఒక్కటే మిగిలే చోటు ఒకటుంది. సరిగ్గా అక్కడ యాంకర్ మైకు పట్టుకొచ్చి గజం రేటు చెప్పింది. మా డ్రమ్మర్ స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు. పదింటికి మైకులు ఆపాలి కాబట్టి అయిదో పాటతో దిగిపోయాం. బాకీ డబ్బులు నాలుగు నెలలకి వచ్చాయి.

పాట ఇవ్వడంలో ఈ తిప్పలు లేవు. కాగితం మీద సంతకం, వారంలో బ్యాంకులో డబ్బు. మాకొచ్చిన దానితో ఇంకో అయిదు పాటలు రికార్డు చేసుకున్నాం, ఆ మేలు నేను మర్చిపోను. కానీ మేం ఇచ్చిన పాట ఏదంటే, జాలరిపేట నుంచి వచ్చిన మా సింగర్, వేటకెళ్లి తిరిగిరాని వాళ్ల నాన్న మీద రాసుకున్నది. అందులో ‘ఇంటికి రా’ అని మళ్లీ మళ్లీ వస్తుంది. అది సోఫాల షాపు యాడ్ అయింది. తర్వాత ఒక కాలేజీ ఫెస్ట్‌లో ఇంట్రో మొదలెట్టగానే ముందు వరసలో పిల్లలు ఆ షాపు పేరు అరిచారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి ఆ పాట అలాగే తెలుసు. మావాడు కళ్లు మూసుకుని చివరిదాకా పాడాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా స్టేజి మీద మళ్లీ పాడలేదు.

ఈ రెండిట్లో ఏది మేలంటే నేను బ్యానరే అంటాను. దానివల్ల పాడైంది ఒక రాత్రి. యాడ్‌వల్ల పోయింది పాట.

పాట ఇవ్వక తప్పకపోతే కాగితం మాత్రం మాటా మాటా చదవండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే అది 5 ఏళ్లే, ఎక్కడెక్కడ వర్తిస్తుందో రాయకపోతే ఇండియా వరకే. మాకు ఆ 5 ఏళ్లూ వర్తించలేదు, ఎందుకంటే మా కాగితంలో గడువు రాసే ఉంది, ‘శాశ్వతంగా’ అని. ఇంకోటి, పాట రచన, బాణీల మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. ఏది ఎవరి పేరు మీదుందో ముందే తేల్చుకోవాలి. 1987లో నైకీ బూట్ల యాడ్‌లో బీటిల్స్ బ్యాండ్ పాట వచ్చినప్పుడు, వాళ్ల పాటల పబ్లిషింగ్ హక్కులు, అంటే రచన, బాణీల హక్కులు, మైకేల్ జాక్సన్ దగ్గరున్నాయి. పాడినవాళ్ల సొంత సంస్థే కోర్టుకెక్కాల్సి వచ్చింది.

డోర్స్ బ్యాండ్‌లో ఒక్కరు వద్దన్నా పాట ఇవ్వకూడదని నియమం ఉండేది. కాడిలాక్ కార్ల యాడ్‌కి 1.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నా డ్రమ్మర్ జాన్ డెన్స్‌మోర్ ఒప్పుకోలేదు, బేరం అక్కడే ఆగింది. మేమూ ఇప్పుడు అదే పెట్టుకున్నాం. స్పాన్సర్‌తో అయితే సగం డబ్బు ముందే తీసుకుంటాం, పాట మధ్యలో ప్రకటనలు ఉండకూడదని రాయించుకుంటాం.

మూడో దారి కూడా ఒకటుంది, అది మాకు ఆలస్యంగా తట్టింది. మొన్న ఒక పచ్చళ్ల కంపెనీవాళ్లు మా పాత పాట అడిగారు. మా సింగర్ వద్దన్నాడు. దాని బదులు ఇరవై సెకన్ల జింగిల్ కొత్తగా చేసిస్తామన్నాం, ఏడాది గడువుకి ఒప్పుకున్నారు. బాణీ రెండు రోజుల్లో అయిపోయింది, ఆవకాయ మీద మాటలు మావాడే రాశాడు.