బరంపురం కారుకు ఆంధ్రా నంబరు: విజయనగరంలో ఒక ఏజెంటు సేవపై నా అభిప్రాయం

ఒడిశాలోని బరంపురంలో మా బావగారి దగ్గర కొన్న ఓడీ 07 నంబరు కారును విజయనగరానికి మార్పించే పనిని ఇక్కడి ఒక ఆర్టీవో ఏజెంటుకు అప్పగించాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షను ప్రకారం, వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తీసుకోవలసిందే.

ఆయన పనిలో నాకు బాగా నచ్చింది జాగ్రత్త. డబ్బు మాట ఎత్తకముందే బానెట్ తెరిపించి, ఛాసిస్ నంబరుపై తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, తేలిన ఒక్కొక్క అంకెను ఒడిశా ఇచ్చిన ఎన్‌వోసీతో (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రంతో) సరిచూశారు. ఒక అంకె తేడాగా ఉంది. దాన్ని అక్కడే దిద్దించుకు రమ్మన్నారు. అలాగే దరఖాస్తు పెట్టి ఉంటే నెలల తరబడి తిరగవలసి వచ్చేది. లైఫ్ ట్యాక్స్ రసీదును, తన రుసుమును విడివిడిగా చూపడం కూడా మెచ్చదగినదే.

అయితే ఒడిశాలో ముందు కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చని ఆయన చెప్పలేదు. అది మా బావగారు చెబితే తెలిసింది. ఇంత పెద్ద మొత్తం చేతులు మారే పనిలో ఆ మాట మొదటి రోజే చెప్పాలి. ఆయన దగ్గరకు వెళ్లేవారు దాన్ని ముందే అడగండి.