పీజీవెక్టర్‌తో రెండేళ్లు: వేగం వచ్చింది, గద్వాల చీరలు తప్పిపోయాయి

చీర ఫొటో చూపిస్తే అలాంటి చీరలే వెతికిపెట్టే సర్వీసు మాది. ఫొటోలు పది లక్షలు, ఒక్కోదానికి 768 సంఖ్యల వెక్టర్, అంటే ఆ ఫొటో ఎలా ఉందో చెప్పే సంఖ్యల వరుస. అప్పటికే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడుతున్నాం కాబట్టి, దాంట్లోనే వెక్టర్లను వెతికే ఎక్స్‌టెన్షన్ పీజీవెక్టర్ పెట్టుకున్నాం.

ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ముందే కట్టిపెట్టుకునే అమరిక) లేకపోతే ఒక్కో వెక్టర్ మూడు కిలోబైట్ల చొప్పున, వెతికిన ప్రతిసారీ మూడు జీబీ తిరగేయాల్సిందే. మొదట ఐవీఎఫ్‌ఫ్లాట్ అనే ఇండెక్స్ పెట్టాం. అది వెక్టర్లను గుంపులు చేసి దగ్గరి గుంపులోనే వెతుకుతుంది. కొత్త స్టాకు చేరేకొద్దీ పాత గుంపులు సరిపోక మళ్లీ మళ్లీ కట్టాల్సి వచ్చేది. 2023లో పీజీవెక్టర్ 0.5.0 వెర్షన్‌తో హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ (దగ్గరి వెక్టర్లను ఒకదానికొకటి కలిపి వలలా కట్టే ఇండెక్స్) రాగానే దానికి మారిపోయాం. ఫొటో ఎక్కించేలోపే జవాబు! ఆ రోజు ఆఫీసులో అందరినీ పిలిచి చూపించాను.

కొన్నాళ్లకు ఒక దుకాణదారు ఫోన్ చేశారు. "గద్వాల అని పెడితే మూడే చూపిస్తోందేంటి సార్? మావి వేలల్లో ఉన్నాయి కదా!" రెండు రోజులు డేటాలోనే తప్పు వెతికాను. డేటా బాగానే ఉంది. ఇండెక్స్ ఒకసారికి ఎన్నింటిని తేవాలో చెప్పే సెట్టింగు ఈఎఫ్ సెర్చ్. దాని డిఫాల్ట్ విలువ 40. అంటే ఇండెక్స్ ముందు దగ్గరి 40 చీరలు తెస్తుంది, గద్వాల ఫిల్టర్ ఆ తర్వాతే పడుతుంది. ఆ నలభైలో గద్వాలవి మూడే. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నాకు ఇప్పటికీ దీని మీదే కోపం.

ఈఎఫ్ సెర్చ్ 200కి పెంచితే కొంత నయమైంది, కానీ వేగం తగ్గింది. అసలు మందు 0.8.0లో వచ్చిన ఇటరేటివ్ స్కాన్. ఫిల్టర్ దాటినవి చాలకపోతే ఇండెక్స్‌లో ఇంకా ముందుకు వెళ్లి తెస్తుంది. మీకు ఫిల్టర్లుంటే మొదటి రోజే ఆన్ చేయండి.

ఇండెక్స్ కట్టేటప్పుడు మెయింటెనెన్స్ వర్క్ మెమరీ (ఇలాంటి పనులకు పోస్ట్‌గ్రెస్‌లో కేటాయించే మెమరీ) చాలకపోతే పని నత్తనడకే. మేం ఒక్కో సంఖ్యను సగం చోటులోనే దాచే హాఫ్‌వెక్‌కి మారి సైజు దాదాపు సగం చేశాం. ఇండెక్స్ దగ్గరి చీరల్లో కొన్నింటిని వదిలేయొచ్చు కాబట్టి, ఇప్పుడు వారానికోసారి వంద ఫొటోలను ఇండెక్స్‌తోనూ, లేకుండానూ వెతికి రెండు జవాబుల్లో ఎన్ని కలిశాయో లెక్కపెడుతున్నాను. ఆ లెక్క చూడకుండా ఏ సెట్టింగూ మార్చను.

నారాయణపేట చీరలు మా దగ్గర రెండు వందలే. వాటికి వెక్టర్ ఇండెక్స్ వాడటం మానేశాం. ముందు ఫిల్టర్ చేసి, మిగిలిన రెండు వందలనూ నేరుగా పోల్చేస్తున్నాం. అక్కడ ఒక్క చీరా తప్పిపోదు.