లామకాన్‌లో క్యాబరే వేశాం, ఆ చోటు గురించి నా రివ్యూ

చిన్న మ్యూజికల్ వేద్దామని హాలు వెతుక్కునే వాళ్లకోసం రాస్తున్నా. మేం పదకొండు మందిమి, ఒక కీబోర్డు, ఒక తబలా, ఒక రిథమ్ ప్యాడ్, అంతే, గంటా పది నిమిషాల క్యాబరే షో ఒకటి పోయిన నవంబర్‌లో బంజారాహిల్స్‌లో లామకాన్ అనే ఆరుబయలు సాంస్కృతిక వేదికలో వేశాం. నాకు తెలిసి హైదరాబాద్‌లో ఇలాంటి షోకి ఇంతకన్నా అతికినట్టు సరిపోయే చోటు లేదు.

ముందు షో గురించి చెప్పాలి, లేకపోతే చోటు సంగతి అర్థం కాదు. క్యాబరే అనగానే మనిళ్లల్లో మొహాలు మారిపోతాయి, ఆ మాట మనకి సినిమాల్లోంచి వచ్చింది కదా, జ్యోతిలక్ష్మి, జయమాలిని, హలం, విలన్ డెన్, వెనకాల ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. కానీ 1881లో పారిస్ మోంమార్త్ర్‌లో రొడాల్ఫ్ సాలీ అనే ఆయన మొదలుపెట్టినప్పుడు అది కవులు, పాటగాళ్లు, బొమ్మలేసేవాళ్లు ఒక చిన్న గదిలో చేరి ఒకళ్లది ఒకళ్లు వినే చోటు. ఆ రెండిటినీ కలపాలని మా కోరిక. మా కథలో నాయిక మద్రాసులో 1970ల్లో క్లబ్ డాన్సులు చేసి మానేసిన మనిషి, పాటకీ పాటకీ మధ్య మనతో మాట్లాడుతుంది. క్లబ్ పాటలు అంత గమ్మత్తుగా పాడిన ఈశ్వరి గారే అమ్మవారి పాటలూ పాడారు, తమిళనాడులో ఆడి మాసం వచ్చిందంటే గుళ్ల మైకుల్లో ఆవిడ గొంతే, మా రెండో సీన్ మొత్తం దాని మీదే. ఒకే గొంతుని పొద్దున గుడి దగ్గర దండం పెట్టుకుంటూ విని రాత్రి వేరే పేరు పెట్టే జనం గురించి.

ఇలాంటిది పెద్ద ఆడిటోరియంలో వేస్తే చచ్చిపోతుంది, నేను చూశాను కూడా. స్టేజీకి మొదటి వరసకీ మధ్య ఇరవై అడుగుల ఖాళీ, ఆ వరస కూడా గెస్టులకని రిజర్వు, చీకట్లో ఎవరి మొహమూ కనపడదు, మా నాయిక ఎవరితో మాట్లాడాలి?

లామకాన్ 2010లో మొదలైంది, డాక్యుమెంటరీలు తీసిన హసన్ గారి ఇల్లు అది, ఇప్పటికీ ఇంటికెళ్లినట్టే ఉంటుంది. మధ్యలో ఆరుబయలు, పక్కన పెద్ద బండరాయి, ఆ రాయిని కొట్టకుండా అలాగే ఉంచి దాని చుట్టూ కట్టారు. మేం ఆ రాయికి కింద నుంచి ఒక ఎర్ర లైటు పెట్టాం, అదే మా సెట్టు, వేరే రూపాయి ఖర్చు పెట్టలేదు. జనం టీ గ్లాసులు, సమోసా ప్లేట్లు పట్టుకుని వచ్చి కూర్చున్నారు, మా అక్క (లీడ్ చేసినావిడ, 58 ఏళ్లు, అందరికీ అక్కే) మొదటి పాటలోనే కిందికి దిగి ఒకాయన చేతిలో టీ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి తిరిగి ఇచ్చేసింది, రిహార్సల్‌లో లేదు అది. అక్కడితో షో మాది కాకుండా అందరిదీ అయిపోయింది.

సగంలో ఒక గండం వచ్చింది. కీబోర్డు అద్దెకి తెచ్చాం, ఎవరి దగ్గరో అనవసరం, అంతకుముందు తీసుకెళ్లినవాళ్లు ట్రాన్స్‌పోజ్ (నొక్కిన స్వరాన్ని పైకో కిందికో జరిపి పలికించే సెట్టింగ్) ప్లస్ రెండులో వదిలేశారు, సౌండ్ చెక్‌లో సరిచేశాం, కానీ మధ్యలో ఒకసారి కరెంటు పోయి వచ్చేసరికి అది మళ్లీ ఆ సెట్టింగ్‌లోకే వెళ్లిపోయింది. అక్క నాలుగు శ్రుతిలో పాడే మనిషి, ఐదులో ఎత్తుకుంది పాట, రెండో లైనుకే పై స్వరం అందలేదు, గొంతు చీలింది. ఆపేసింది. నేను లైట్ల దగ్గర ఉన్నాను, నా చేతులు చల్లబడిపోయాయి. ఆవిడ కీబోర్డు వైపు తిరిగి, పాత్రలోనే ఉండి, "ఆ రోజుల్లోనూ అంతే నాయనా, నా శ్రుతి ఎంతని ఒక్కరూ అడగలేదు" అంది. జనం ముందు నవ్వారు, తర్వాత ఒక్కసారిగా ఎవరూ మాట్లాడలేదు. ఈలోపు మావాడు బటన్ నొక్కి సరిచేశాడు, మళ్లీ మొదట్నుంచి పాడింది. ఆ మాట ఇప్పుడు స్క్రిప్టులో ఉంది. అంత దగ్గరగా జనం మొహాలు కనపడుతుంటేనే ఆ మాట వస్తుంది అని నా నమ్మకం.

మా నాటకాల వాళ్లు ఎంతమందిమని, ఈ షోలో యాక్టర్ రేపు ఇంకో గ్రూపులో లైట్లు పట్టుకుంటాడు, చమ్కీల బ్లౌజు ఒక గ్రూపుది, ఎర్ర లైటు ఇంకోళ్లది, గజ్జెలు కూచిపూడి నేర్పే టీచర్ గారివి. ఆ రోజు వచ్చిన 110 మందిలో సగంమంది పేర్లు నాకు తెలుసు. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది, మనవాళ్లెవరూ మొహం మీద బాలేదని చెప్పరు. లామకాన్‌లో టీ తాగడానికొచ్చి ఊరికే ఆగి చూసిన స్టూడెంట్లు చెప్పారు, చివరి పాట పొడుగైందని. నిజమే, రెండు చరణాలు కోసేశాం.

వేసేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని. పైన ఆకాశమే కాబట్టి వాన వస్తే ఏం చేస్తారో ముందే అనుకోండి, వైర్ల మీద కప్పడానికి టార్పాలిన్ మేం మూడు తీసుకెళ్లాం. రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదని రూలు, కాబట్టి ఏడున్నరకల్లా మొదలుపెట్టేయండి, మనవాళ్ల లేటు అలవాటు ఇక్కడ కుదరదు. సినిమా పాటలు పాడితే ఐపీఆర్ఎస్ (పాటలు రాసినవాళ్ల, బాణీలు కట్టినవాళ్ల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు తీసుకోండి, మావి రెండే సినిమా పాటలు, మిగతావి మేం రాసుకున్నవి, అయినా తీసుకున్నాం, ఆ పాటలు రాసినవాళ్లకి వెళ్లాల్సిన డబ్బు అది. నాటకం టికెట్టు 500 లోపు ఉంటే జీఎస్టీ ఉండదు, మేం 200 పెట్టాం. డేటు కోసం బాగా ముందుగా, ఏం వేస్తున్నారో వివరంగా రాసి పంపండి.

మర్నాడు కీబోర్డు స్టాండ్ మర్చిపోయామని వెళ్తే ఆ రాతి మీద అక్క బ్లౌజు చమ్కీలు ఇంకా నాలుగైదు మెరుస్తున్నాయి, పక్కనే ఇద్దరు కుర్రాళ్లు ఏదో స్క్రిప్టు చదువుకుంటున్నారు. అక్కడే మళ్లీ వేయడానికి ఫిబ్రవరి డేట్లు అడిగి వచ్చాను.