మేడల మీద హోవర్, కృష్ణ మీద హోవర్: పైలట్ కంటికి ఏది నయం?

2024 సెప్టెంబర్ బుడమేరు వరదల్లో హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడవడం విజయవాడలో చాలామంది చూశారు. గాల్లో ఒకేచోట నిలబెట్టడం (దీన్నే హోవర్ అంటారు) కింద నుంచి చూసేవాళ్లకి తేలికే, టెన్షనంతా పైలట్‌ది.

మేడల మీదైతే కంటికి ఆనవాళ్లు దొరుకుతాయి. దగ్గర్లో ఓ డాబా మీద నల్లటి వాటర్ ట్యాంకు, దాని వెనక దూరంగా సెల్ టవర్. హెలికాప్టర్ కాస్త పక్కకి జరిగితే చాలు, ట్యాంకు టవర్‌కి అడ్డమొస్తుంది. ముక్కు దిగితే దిగంతం అద్దంలో పైకి లేస్తుంది. (కరెంటు తీగలు మాత్రం ఓ పట్టాన కనపడవు, అది వేరే గోల.)

ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నిండు కృష్ణ మీద ఇవేవీ ఉండవు. నీళ్లు నున్నగా ఉంటే ఎత్తే అంతుపట్టదు. పైగా రోటర్ (పైన తిరిగే రెక్కల) గాలికి అలలు బయటికి పరుగెడతాయి. ముందున్న అలల్నే చూస్తుంటే మనమే వెనక్కి పోతున్నట్టుంటుంది. దాన్ని సరిదిద్దబోతే హెలికాప్టర్ నిజంగానే ముందుకి జరిగిపోతుంది. అక్కడ ఎత్తుకి రేడియో ఆల్టిమీటర్‌ని (రేడియో తరంగాలతో ఎత్తు కొలిచే పరికరాన్ని) నమ్ముకోవాలి, చూపు బ్యారేజీ మీదో ఒడ్డు మీదో నిలపాలి.

నన్నడిగితే తీగల బెడద ఉన్నా మేడలే నయం.